గూగుల్ దగ్గరున్న మన పేజీ నకలు: దాన్ని చూసి వెబ్‌సైటును సరిదిద్దుకోవడం ఎలా?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో తెలుగు సంఘాలు, బడుల పూర్వ విద్యార్థులు, గుడి కమిటీలు నడిపే వెబ్‌సైట్లు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. పేజీ పెట్టడం చాలామందికి వచ్చింది. పెట్టిన పేజీ గూగుల్‌లో వెతికేవాళ్లకు దొరుకుతోందా, దొరికినా అందులో సరైన సంగతే కనబడుతోందా అని చూసుకునేవాళ్లు మాత్రం తక్కువ. నేను కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి కాను. గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాక సంఘం వెబ్‌సైటు నా మీద పడింది. తప్పులు చేస్తూ నేర్చుకున్నది, మన వాళ్లకు పనికొస్తుందని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఒక తండ్రి ఫోను

2023 జూన్‌లో బడులు తెరిచిన వారంలో కెలవరపల్లి పక్క పల్లె నుంచి ఒకాయన ఫోను చేశారు. ఆయన కూతురు తెలుగు మాధ్యమంలో పదో తరగతికి వచ్చింది. "సార్, తమిళ పరీక్ష రాయబళ్లేదని మీ సంఘం పేజీలో ఉందని గూగుల్ చూపిస్తా ఉంది. ఈ ఏడు కూడా అంతేనా?" అని అడిగారు.

ఈ ప్రశ్న ఎంత పెద్దదో మన చదువరులకు చెప్పనక్కర లేదు. తమిళనాడు ప్రభుత్వం 2006లో తెచ్చిన తమిళ అభ్యసన చట్టం 2006–07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చి, 2015–16లో పదో తరగతికి చేరింది. అప్పటి నుంచి తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ పిల్లలు కోర్టుల ద్వారా మినహాయింపు తెచ్చుకుంటూ వచ్చారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట 2022–23 విద్యా సంవత్సరానికి చెందినది. మా పేజీలో అప్పుడు "ఈ ఏడాది మినహాయింపు ఉంది" అని రాశాం. మే నెలలో దాన్ని సరిదిద్ది, ఆ ఉత్తర్వు 2022–23కు మాత్రమేనని స్పష్టంగా పెట్టాం. అయినా ఆ తండ్రికి గూగుల్ చూపించింది పాత వాక్యమే.

ఎందుకని వెతికితే, గూగుల్ దగ్గరున్న మా పేజీ నకలు మార్చి నెలది. మేము దిద్దిన సంగతి దానికి ఇంకా తెలియదు. ఆయన ఫోను చేశారు కాబట్టి సరిపోయింది. చేయకుండా ఆ వాక్యాన్నే నమ్ముకున్న తల్లిదండ్రులు ఎందరో నాకు తెలియదు.

నకలు అంటే ఏమిటి?

మనం ఏదైనా వెతికినప్పుడు గూగుల్ ఆ క్షణంలో మన వెబ్‌సైటుకు వచ్చి చూడదు. దాని తరఫున గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం ముందుగానే పేజీలన్నీ తిరిగి, ఒక్కో పేజీకి నకలు తీసుకుపోతుంది. ఆ నకలులోని మాటలను సూచికలో ఎక్కిస్తుంది. వెతుకులాట జరిగేది ఆ సూచికలో. ఫలితాల కింద కనబడే రెండు వరసల వివరం కూడా ఎక్కువగా ఆ నకలు నుంచి తీసినదే.

ఆఫీసు పని తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. మనం కలెక్టరాఫీసుకు ఒక జాబు పంపాక, మన ఫైలులోని కాపీని ఎంత దిద్దినా అక్కడి కాపీ మారదు. దిద్దిన జాబు మళ్లీ అక్కడికి చేరి, ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కితేనే మారినట్టు. గూగుల్‌బాట్ మళ్లీ వచ్చేదాకా మన దిద్దుబాటు మన ఫైలులోనే ఉన్నట్టు లెక్క.

ఇలా దాచిన పేజీని క్యాష్ పేజీ అంటారు. ఇది డబ్బుల క్యాష్ కాదు, దాచిపెట్టినది అని అర్థం. తికమక లేకుండా ఈ వ్యాసంలో దీన్ని "నిల్వ నకలు" అంటాను.

నిల్వ నకలు మనకు ఏం చెప్పేది?

చాలా ఏళ్లపాటు గూగుల్ ఈ నకలును అందరికీ చూపించేది. ఫలితం పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే తెరుచుకునేది. లేదా వెతికే పెట్టెలో క్యాష్ అనే ఇంగ్లీషు మాట, కోలన్, పేజీ చిరునామా టైపు చేసినా వచ్చేది. పైన ఒక పట్టీలో ఆ నకలు ఏ తేదీన, ఎన్ని గంటలకు తీసినదో ఉండేది. అది గ్రీనిచ్ కాలం కాబట్టి మనం 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి. ఆ పట్టీలోనే పూర్తి రూపం, ఒట్టి అక్షరాల రూపం, మూల కోడ్ అని మూడు రకాలుగా చూసే వీలుండేది. వీటితో నాలుగు సంగతులు తెలిసేవి.

1. గూగుల్ చివరిసారి ఎప్పుడు వచ్చింది. తేదీ మరీ పాతదైతే, ఆ పేజీకి దారి సరిగా లేదేమోనని అనుమానించాలి. మా మినహాయింపు పేజీకి మొదటి పేజీ నుంచి లింకే లేదు. అందుకే దాని దగ్గరికి బాట్ అరుదుగా వచ్చేది.

2. గూగుల్ ఏ మాటలను చదవగలిగింది. ఒట్టి అక్షరాల రూపంలో కనబడని తెలుగు, వెతికినా దొరకదు.

3. మనం పెట్టనిది ఏమైనా చేరిందా. హ్యాకర్లు కొన్నిసార్లు మందుల ప్రకటనలు, జూదం లింకులు పేజీలో దూర్చి, వాటిని గూగుల్‌బాట్‌కు మాత్రమే కనబడేలా చేస్తారు. మనం తెరిస్తే పేజీ శుభ్రంగా ఉంటుంది, నకలులో మాత్రం చెత్త ఉంటుంది.

4. గూగుల్ ఏ చిరునామాను అసలుగా తీసుకుంది. ఒకే వ్యాసం రెండు చిరునామాల్లో ఉంటే, ఒకటి అడిగితే రెండోదాని నకలు వచ్చేది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. జావాస్క్రిప్ట్‌తో నడిచే పేజీలు నిల్వ నకలులో ఖాళీగా కనబడినా, సూచికలో బాగానే చేరి ఉండవచ్చు. కాబట్టి నకలు ఖాళీగా ఉందని వెంటనే కంగారు పడకూడదు. అలాగే నకలు తేదీ కొత్తదైతే పేజీ ఫలితాల్లో పైకి పోతుందని కూడా కాదు. అది తనిఖీ చేసుకోవడానికి పనికొచ్చే గుర్తు మాత్రమే.

2024లో మూతపడింది

2024 ఆరంభంలో గూగుల్ ఈ లింకులను తీసేసింది. ఫిబ్రవరిలో ఆ సంస్థ ప్రతినిధి డానీ సల్లివన్ ఆ సంగతి ధ్రువపరిచారు. పూర్వం పేజీలు తెరుచుకుంటాయో లేదో అన్న నమ్మకం లేని రోజుల్లో జనానికి సాయంగా పెట్టింది, ఇప్పుడు పరిస్థితి మెరుగుపడింది కాబట్టి తీసేశాం అన్నది వాళ్లు చెప్పిన కారణం. కోలన్‌తో అడిగే పద్ధతి అదే ఏడాది సెప్టెంబరులో ఆగిపోయింది. డిసెంబరులో బింగ్ కూడా తన నకలు లింకులను తొలగించింది.

ఇప్పటికీ కొన్ని పాత పాఠాలు, వీడియోలు "క్యాష్ పేజీ చూడండి" అని చెబుతున్నాయి. వాటిని పట్టుకుని తిరిగితే కాలం వృథా. గూగుల్ ఇప్పటికీ నకలు తీసుకుంటోంది. చూపించే కిటికీ ఒక్కటే మూసేసింది. ఆ పనికి వేరే దారులున్నాయి.

ఇప్పుడు వాడవలసిన నాలుగు సాధనాలు

గూగుల్ సెర్చ్ కన్సోల్: ఇది ఉచితం. వెబ్‌సైటు మనదేనని ఒకసారి రుజువు చేసుకోవాలి. లోపల యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ అనే చోట పేజీ చిరునామా పెడితే, చివరిసారి బాట్ వచ్చిన తేదీ, అది ఎంచుకున్న అసలు చిరునామా కనబడతాయి. "వ్యూ క్రాల్డ్ పేజ్" నొక్కితే బాట్ తీసుకుపోయిన కోడ్ వస్తుంది. అందులో మన తెలుగు వాక్యం ఒకటి వెతికి చూడాలి. "టెస్ట్ లైవ్ యూఆర్‌ఎల్" నొక్కితే ఇప్పటి పేజీ బాట్‌కు ఎలా కనబడుతుందో బొమ్మగా కూడా చూపుతుంది. దిద్దిన తరువాత "రిక్వెస్ట్ ఇండెక్సింగ్" నొక్కితే మళ్లీ రమ్మని అర్జీ పెట్టినట్టు. రావడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టవచ్చు. ఒకే పేజీకి పదిసార్లు నొక్కితే తొందరగా రాదు.

రిచ్ రిజల్ట్స్ టెస్ట్: సెర్చ్ కన్సోల్ అనుమతి లేని పేజీని పరీక్షించాలంటే ఇది వాడవచ్చు. ఏ బహిరంగ పేజీ చిరునామా ఇచ్చినా గూగుల్ దాన్ని తెరిచినప్పుడు వచ్చే కోడ్‌ను చూపుతుంది. ఇది ఇప్పటి పేజీయే, పాత నకలు కాదు.

సైట్ ఆదేశం: గూగుల్ పెట్టెలో సైట్ అనే ఇంగ్లీషు మాట, కోలన్, మన వెబ్‌సైటు పేరు, ఆ తరువాత ఒక తెలుగు మాట పెట్టి వెతకాలి. మన పేజీల్లో ఆ మాటతో ఏవి సూచికలో ఉన్నాయో సుమారుగా తెలుస్తుంది. ఫలితం కింద ఏ వాక్యం వస్తోందో కూడా ఇక్కడే చూసుకోవచ్చు.

వేబ్యాక్ మెషీన్: బ్రూస్టర్ కేల్ 1996లో మొదలుపెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్ దీన్ని 2001 నుంచి జనానికి అందిస్తోంది. ఒక పేజీ వేర్వేరు తేదీల్లో ఎలా ఉండేదో ఇందులో చూడవచ్చు. 2024 సెప్టెంబరు నుంచి గూగుల్ కూడా తన ఫలితాల వివరాల్లో దీనికి లింకు ఇస్తోంది. ఇది గూగుల్ నకలు కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. గూగుల్ ఏం చదివిందో ఇది చెప్పదు. ఒకప్పుడు పేజీలో ఏముండేదో చెబుతుంది.

మన తెలుగు పేజీల్లో ఎక్కువగా కనబడే లోపాలు

పాత ఫాంట్లు: ఇది అన్నిటికన్నా పెద్ద లోపం. యూనికోడ్ తొలి రూపం 1991లోనే వచ్చింది, అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా ఈనాడు, వార్త వంటి పత్రికల వెబ్‌సైట్లు తొలి రోజుల్లో తమ సొంత ఫాంట్లే వాడేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదువుకోవడానికి వెన్న నాగార్జున పద్మ అనే ఉపకరణం తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టింది కూడా ఆయనే. మన సంఘాల కరపత్రాలు ఇప్పటికీ డీటీపీ అంగళ్లలో అను ఫాంటుతో తయారవుతున్నాయి. ఆ అక్షరాలను అలాగే తెచ్చి పేజీలో అతికిస్తే, ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగుగానే కనబడుతుంది. నకలులో మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉంటాయి. మా సంఘం పాత మహజర్లు ఏడాదికి పైగా అలాగే ఉన్నాయి. ఒట్టి అక్షరాల నకలు చూసిన రోజునే మాకు తెలిసింది, గూగుల్ లెక్కలో మేము తెలుగులో ఒక్క మాట కూడా రాయలేదని. అన్నీ యూనికోడ్‌లోకి మార్చాం.

బొమ్మగా పెట్టిన ప్రకటన: వాట్సాప్‌లో వచ్చిన పోస్టరునో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌నో పెట్టి ఊరుకుంటాం. అందులోని అక్షరాలను గూగుల్ ఒక్కోసారి చదవవచ్చు, చదవకపోవచ్చు. దాన్ని నమ్ముకోకూడదు. బొమ్మ కింద అదే సంగతి అక్షరాల్లో రాయాలి. అది కంటిచూపు లేనివాళ్ల ఫోన్లకు కూడా చదివి వినిపించే వీలవుతుంది.

ఊరి పేర్లు: మన ఊరిని హోసూరు, హొసూరు, హోసూర్ అని మూడు రకాలుగా రాస్తాం. కెలవరపల్లి, కెలవరపల్లె రెండూ వాడుకలో ఉన్నాయి. కెలవరపల్లి డ్యాంకు నీళ్లిచ్చే ఏరు దక్షిణ పినాకిని. తమిళంలో తెన్‌పెణ్ణై, పొన్నైయారు అన్నా అదే. జనం ఏ పేరుతో వెతుకుతారో మనం చెప్పలేం. శీర్షికలో ఒక రూపం పెట్టి, మిగతావి వ్యాసంలో సహజంగా ఒక్కోసారి వచ్చేలా రాయాలి. ఒకే మాటను యాభైసార్లు రాయడం, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో దాచడం వంటివి గూగుల్ నియమాలకు విరుద్ధం. చేస్తే మొదటికే మోసం.

తేదీ లేని సమాచారం: కెలవరపల్లి డ్యాం పూర్తి మట్టం 44.28 అడుగులు. దిగువనున్న కృష్ణగిరి డ్యాంది 52 అడుగులు. ఈ రెండు అంకెలు మారవు. కానీ "ఈరోజు నీటిమట్టం", "గేట్లు ఎత్తారు", "నురగ వస్తోంది" వంటి వార్తలు పూటపూటకూ మారతాయి. నంది కొండల్లో పుట్టి బెంగళూరు పక్కగా వచ్చే ఏరు కాబట్టి, అక్కడ పెద్ద వాన కురిస్తే మనకిక్కడ నీళ్లు పెరుగుతాయి. ఏటి ఒడ్డున మడి ఉన్న రైతు వెతికినప్పుడు మూడు రోజుల నాటి "ఈరోజు" కనబడితే అది అబద్ధం కన్నా ప్రమాదం. అందుకని "ఈరోజు", "ఈ ఏడాది" అనే మాటలు శీర్షికలో వద్దు. తేదీ, నెల, సంవత్సరం అంకెల్లో రాయాలి. నకలు పాతదైనా చదివేవాడు మోసపోడు. మా మినహాయింపు పేజీ శీర్షికలో 2022–23 అని ముందే ఉండి ఉంటే ఆ తండ్రికి అనుమానమే వచ్చేది కాదు.

పొడుగు చిరునామాలు: పేజీ చిరునామాలో తెలుగు వాడితే తప్పు లేదు. కానీ దాన్ని కాపీ చేసి పంపితే శాతం గుర్తులతో పొడుగైపోతుంది. ఒక్కో తెలుగు గుర్తు 9 అక్షరాలుగా మారుతుంది. "కెలవరపల్లి" అనే ఒక్క మాటలో హల్లులు, గుణింతాలు, వత్తు గుర్తుతో కలిపి 10 గుర్తులున్నాయి కాబట్టి అది 90 అక్షరాలవుతుంది. పంపడంలో సగం తెగిపోతే పేజీ దొరకదు. చిరునామా చిన్నదిగా పెట్టుకుని, శీర్షికను తెలుగులో ఉంచడం మేలు.

దారి లేని పేజీలు: ప్రతి ముఖ్యమైన పేజీకి మొదటి పేజీ నుంచి ఒకటి రెండు నొక్కుల్లో చేరేలా లింకు ఉండాలి. సైట్‌మ్యాప్ అనే పేజీల జాబితాను సెర్చ్ కన్సోల్‌లో ఇవ్వాలి. మా మినహాయింపు పేజీకి ఈ రెండూ చేసి, మళ్లీ రమ్మని అర్జీ పెట్టాక, వారం లోపల కొత్త నకలు వచ్చింది. ఆ తండ్రికి మళ్లీ ఫోను చేసి చెప్పాను.

ఫోనులో కనబడే రూపం: గూగుల్ ఇప్పుడు పేజీలను ఫోను రూపంలోనే చదువుతుంది. కంప్యూటరులో ఉండి, ఫోనులో దాచేసిన భాగం లెక్కలోకి రాకపోవచ్చు.

తీసేసినది కూడా కొన్నాళ్లు ఉంటుంది

మేము ఒకసారి పోటీల్లో గెలిచిన పిల్లల జాబితాను ఫోను నంబర్లతో సహా పెట్టాం. పొరపాటు తెలిసి తీసేశాం. గూగుల్ ఫలితాల్లో మాత్రం నంబర్లు ఇంకా కనబడ్డాయి. ఇలాంటప్పుడు సెర్చ్ కన్సోల్‌లోని "రిమూవల్స్" వాడాలి. అది పేజీని సుమారు ఆరు నెలలు ఫలితాల్లో కనబడకుండా చేస్తుంది. ఆ లోపల అసలు పేజీని శాశ్వతంగా దిద్దాలి. వెబ్‌సైటు మనది కాకపోతే, మారిపోయిన సమాచారాన్ని తీసేయమని గూగుల్‌ను అడిగే వేరే ఫారం ఉంది. అసలు పిల్లల పేర్లు, నంబర్లు, చిరునామాలు పెట్టకపోవడమే మొదటి జాగ్రత్త.

మన నకలు మన దగ్గర

కొన్నేళ్ల క్రితం మా వెబ్‌సైటు పేరు గడువు తీరిపోయింది. రెన్యువల్ జాబులు అంతకు ముందు చూసుకున్నాయన మెయిలుకు పోతున్నాయి. ఆయన ఊరు మారారు. మేము అడగలేదు. ఒక ఉదయం చూస్తే ఏమీ లేదు. అప్పుడు గూగుల్ నిల్వ నకలు ఇంకా ఉంది కాబట్టి రాత్రింబగళ్లు కూర్చుని ఒక్కో పేజీ కాపీ చేసుకున్నాం. మిగిలినవి కొన్ని వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి. తెలుగు టీచర్ల ఖాళీల గురించి మేమిచ్చిన మహజర్లలో కొన్ని ఎక్కడా దొరకలేదు. తరువాత ఒక అధికారి, ఇంతకు ముందు ఇచ్చిన అర్జీ ఏదని అడిగినప్పుడు చూపించలేక పోయాం.

ఈరోజు అలా జరిగితే గూగుల్ నకలు మనకు అందదు. వేబ్యాక్ మెషీన్ మీద 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి, కొన్ని రోజులు అది కూడా తెరుచుకోలేదు. కాబట్టి ఒకరి మీదే ఆధారపడకూడదు. ముఖ్యమైన ప్రతి పేజీనీ వేబ్యాక్‌లో "సేవ్ పేజ్ నౌ" నొక్కి దాచాలి. వెబ్‌సైటు మొత్తం బ్యాకప్‌ను నెలకొకసారి పెన్‌డ్రైవ్‌లోకి తీయాలి. మహజర్లు, ప్రభుత్వ జవాబులు, కోర్టు ఉత్తర్వులు కాగితం మీద కూడా ఉండాలి. డొమైన్ పేరు, పాస్‌వర్డు, గడువు తేదీ కనీసం ఇద్దరు సభ్యుల దగ్గర ఉండాలి.

నెలకొకసారి తనిఖీ

ఒక నోటుబుక్కులో ఐదు గళ్లు గీసుకుంటే చాలు: పేజీ పేరు, మనం దిద్దిన తేదీ, గూగుల్ చివరిసారి వచ్చిన తేదీ, తెలుగు వాక్యం నకలులో కనబడిందా, మన దగ్గర బ్యాకప్ ఉందా. రెండో గడిలోని తేదీ కన్నా మూడో గడిలోని తేదీ వెనక ఉంటే, బయట ఇంకా పాత సంగతే తిరుగుతోందని అర్థం. ఇరవై పేజీలకు గంటన్నర పడుతుంది. మొదటి ర్యాంకు ఖాయంగా తెప్పిస్తామని డబ్బులు అడిగేవాళ్లు మా దగ్గరికీ వచ్చారు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. ఆ డబ్బుతో రెండేళ్ల డొమైన్ గడువు కట్టుకోవడం మంచిది.

మీ బడి, గుడి, సంఘం వెబ్‌సైటులో ముందుగా పరీక్షలు, మినహాయింపులు, స్కాలర్‌షిప్పుల పేజీలు తీసి చూడండి. ఒక పిల్ల చదువు ఆధారపడే పేజీలు అవే. చూడడం తెలియకపోతే ఆదివారం పొద్దున సంఘం గదికి రండి, సెల్‌ఫోను తెచ్చుకుంటే చాలు. కూర్చుని చూద్దాం.